లేదన్న మిషనే ఉందనాలి

విశాఖ ల్యాబు నుంచి ఫోనులో మల్లేశు చెప్పిన మాట: ఉంది. భాను ఎదుట స్క్రీన్ మీద ఉన్న మాట: లేదు. స్లైడు నంబరు ఒకటే, మనిషి పేరు ఒకటే, రక్తం తీసిన తేదీ ఒకటే. పోయినవారం భానుని ఆ రెండు మాటల మధ్య కూర్చోబెట్టి ఆగాం.

ఇప్పుడే కథలోకి వస్తున్నవారికి నాలుగు ముక్కలు. జాకరగుమ్మి ఆరోగ్య కేంద్రంలో మైక్రోస్కోపు ఉంది, అందులోంచి చూసే మనిషి లేడు. కొండల మీద జ్వరం వచ్చినవాళ్ళ రక్తం గాజుపలక మీద పూసి, ఆ స్లైడ్లను బస్సులో విశాఖ ల్యాబుకి పంపుతారు. మునుపు జవాబు కూడా అదే బస్సులో కాగితం మీద వచ్చేది. ఈ ఏడాది, అంటే 2006లో, వేసవి వెళ్ళాక ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ల్యాబువాళ్ళు జవాబును తమ సర్వర్‌లో పెడతారు. కొండ మీది కంప్యూటర్ ఫోను లైను మీద ఆ సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చుకుని, తెలుగులో కాగితం ముద్రించి ఇస్తుంది. ఈ ఏర్పాటు చేసింది విశాఖలోని ఒక చిన్న కంపెనీ. దాని తరఫున ఇక్కడ ఉన్నది ఇద్దరు: ఇన్‌ఛార్జి కృష్ణమూర్తి, అతని కింద భాను. అనంతగిరి దగ్గరి గూడెం పిల్ల ఆమె, బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది.

మెట్టగరువులో గాసి అనే ఇరవయ్యేళ్ళవాడు జ్వరంతో పోయాడు. కాఫీ తోట గట్టు దగ్గర అతనికీ, చిన్నాన్న సుక్రుకీ తగువుండేది. సుక్రు చిల్లంగి పెట్టాడని కొందరు అన్నారు. చేతబడిని అక్కడ అలా అంటారు. ఊరి పెద్ద బుధు ఒప్పుకోలేదు. ఆసుపత్రివాళ్ళు ఊరందరి రక్తం తీసుకెళ్ళారు కదా, గాసి కాగితం రానీండి, అది వచ్చేదాకా ఎవరూ నోరెత్తొద్దని చెప్పాడు. ఊరు ఆగింది. కాగితం వచ్చింది. మలేరియా లేదు అని, కింద ముద్రతో. ఇక ఊరిని ఆపడానికి బుధు దగ్గర ఏమీ మిగల్లేదు. సుక్రుని పాకలో కట్టేశారు. ఇవాళ పొద్దు వాలాక ఊరు కూర్చుంటుంది. మునుపు అలా కూర్చున్న ఊళ్ళలో ఏం జరిగిందో కొండల మీద అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

సుక్రు కూతురు సోములమ్మ కొండ దిగి వచ్చి కంప్యూటర్ గది గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుంది. బయట వాన. ఆమె చీర నుంచి కారిన నీళ్ళు బల్ల కింద మడుగు కట్టాయి.

"మల్లేశన్నా, ఇంకోసారి చదువు," అంది భాను ఫోనులో.

"ఎన్నిసార్లు చదవమంటావు తల్లీ? గాసి, మెట్టగరువు. పీఎఫ్ ఉంది, పీవీ లేదు. రెండు గడులు, మొదటి గడిలో ఉంది అని ఉంది. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

పీఎఫ్ అంటే మలేరియాలో మెదడుకెక్కే రకం. పీవీ అంటే రెండో రకం, మనిషిని నలిపి వదులుతుంది.

"రెండు గడులా? ఇక్కడ ఒకటే ఉంది కదా."

"జూలైలో మార్చినారు. అంతకుముందు పాజిటివ్ అని ఒకటే గడి. ఏ రకమో తెలియాలని దాన్ని తీసేసి రెండు పెట్టినారు. కొత్త ఫైలు మీ కృష్ణమూర్తి గారికి పంపినారు కూడాను. ఏటి, మీకు అందలేదేటి?"

భాను ఫోను పెట్టేసింది. ఉన్నది ఒక్కటే లైను. ఫోను పెడితే తప్ప నెట్ రాదు.

"ఏటంట?" అంది సోములమ్మ.

"ఉందంట అప్పా. గాసికి మలేరియా ఉందంట."

సోములమ్మ లేచి నిలబడింది. "మరి మీ మిషను నేదని ఎందుకన్నాది?"

"అదే చూస్తున్నాను."

"బేగి సూడమ్మీ."

ఆ చూసే పని ఏమిటో కొంత చెప్పాలి. విశాఖ సర్వర్ తన దగ్గర ఏమేం అడగవచ్చో, జవాబు ఏ పేరున్న గడిలో పెట్టి పంపుతుందో ఒక ఫైలులో రాసి ఉంచుతుంది. అడిగేవాళ్ళు ఆ ఫైలుని ఒక కమాండుకి అందిస్తారు. కమాండు దాన్ని చదివి కోడు తానే రాసిపెడుతుంది. ఆ కోడుని ప్రాక్సీ అంటారు. సర్వర్‌తో మాట్లాడేదంతా ప్రాక్సీయే. మనిషి అందులో ఒక్క అక్షరం రాయనక్కర్లేదు. రాయొద్దని ఆ కోడు మొదటి వరుసల్లోనే ఉంటుంది. అందుకే దాన్ని ఎవరూ తెరవరు. భాను కూడా ఇంతవరకు తెరవలేదు.

మామూలుగా అయితే ఆ ఫైలుని సర్వర్ నుంచే నేరుగా తెచ్చుకుంటారు. జాకరగుమ్మిలో లైను నడుమలో తెగిపోతుంది. కాబట్టి మే నెలలో కృష్ణమూర్తి ఆ ఫైలుని సీడీ మీద ఎక్కించుకుని, ఘాట్ రోడ్డు బస్సులో పైకి తెచ్చాడు. ఉప్పూ కిరసనాయిలూ వచ్చినట్టే అదీ కొండెక్కింది. ప్రాక్సీ పుట్టింది ఆ సీడీలోంచి. కింద సర్వర్ మారితే పైన సీడీ మారదు.

భాను ప్రాక్సీ తెరిచింది. వెతికింది. పాజిటివ్ అనే గడి ఉంది. పీఎఫ్ లేదు, పీవీ లేదు.

తర్వాత సర్వర్ నుంచి వచ్చే జవాబుని ప్రాక్సీ చేతికి అందకముందే పట్టుకుని చూసింది. అందులో పీఎఫ్ ఉంది, పీవీ ఉంది. పాజిటివ్ లేదు.

అప్పుడు ఆమెకి అర్థమైంది. జవాబు కిందనుంచి సరిగానే వస్తోంది. ప్రాక్సీ అందులో తనకు తెలిసిన గడి కోసం చూస్తుంది. అది కనిపించదు. తెలియని గడులు రెంటినీ పక్కన పడేస్తుంది. గడి దొరకలేదని ఎవరికీ చెప్పదు. జవాబు రాకముందు ఆ చోట ఏముంటుందో దాన్నే ఉంచుతుంది. ఆ చోట ఉండేది 'కాదు'. దాన్ని తెలుగులోకి మార్చి స్క్రీన్ 'లేదు' అంటుంది, ప్రింటరు అదే ముద్రిస్తుంది.

గాసి ఒక్కడికి కాదు. జూలై నుంచి ఎవరి స్లైడు వచ్చినా అంతే.

భాను కిటికీలోంచి వరండా గోడ వైపు చూసింది. బోర్డు మీద ఆగస్టు నెల ఎదురుగా మలేరియా కేసులు సున్నా అని సుద్దముక్కతో రాసి ఉంది. రాసింది ఆమే. దోమల మందు బాగా పనిచేసిందని డాక్టరుగారు మెచ్చుకున్నారు. రేపు కింద నుంచి అధికారులు వచ్చి ఆ బోర్డు చూస్తారు. ఈ ఏర్పాటుని జి.మాడుగులకీ, గూడెం కొత్తవీధికీ పెంచే సంగతి అక్కడే తేలుతుంది. డాక్టరుగారు ఆ పని మీదే అరకు వెళ్ళారు.

కృష్ణమూర్తి గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. చంకలో రేపటి సభకి కట్టే గుడ్డ బ్యానరు చుట్ట ఉంది. సోములమ్మని చూశాడు.

"ఏటి భానూ, ఎవరీవిడ? జ్వరమా? ఓపీ అటువైపు."

"మెట్టగరువు సార్. సుక్రు కూతురు."

"ఏ సుక్రు?"

"పాకలో కట్టేసినోడి కూతుర్ని బాబూ," అంది సోములమ్మ.

కృష్ణమూర్తికి సంగతి తెలుసు. ముద్ర వేసింది అతనే. బ్యానరుని మూలన నిలబెట్టాడు. అది జారి పడింది. మళ్ళీ నిలబెట్టాడు.

"సార్, జూలైలో ల్యాబువాళ్ళు కొత్త ఫైలు పంపారంట," అంది భాను.

"పంపారు."

"ప్రాక్సీ మళ్ళీ తీయలేదా?"

"ఎందుకు తీయలేదు? తీశాను. స్క్రీన్ నిండా ఎర్రర్లు. పాజిటివ్ లేదు, పాజిటివ్ లేదు అని ప్రతి ఫారమూ ఏడుపే. విశాఖలో మన కంపెనీ అప్పలస్వామికి ఫోను చేస్తే పెళ్ళికెళ్ళాడన్నారు. పాతది మళ్ళీ పెట్టాను. ఒక్క ఎర్రరూ లేదు. నడుస్తోంది కదా అనుకున్నాను. నువ్వైనా అదే అనుకుంటావు."

"ఆ ఎర్రర్లు సరైనవే సార్. పాతది ఏ ఎర్రరూ చెప్పక ఊరుకోవడమే తప్పు. గాసికి పీఎఫ్ ఉంది. మనం లేదని కాగితం ఇచ్చాం."

"ఎవరన్నారు?"

"మల్లేశు."

"మల్లేశు మాట మీద ప్రోగ్రాం తప్పంటావా? ఆ కోడు నువ్వు రాసిందా, నేను రాసిందా? మిషను రాసింది. మిషను ఎక్కడ తప్పు రాస్తుందమ్మా?"

భాను స్క్రీన్‌ని అతని వైపు తిప్పింది. ఒక పక్క సర్వర్ పంపిన జవాబు, పక్కనే ప్రాక్సీ తీసుకున్న జవాబు. కృష్ణమూర్తి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని చూశాడు. చూస్తూ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు.

కాసేపటికి లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"చూడమ్మా భానూ. ప్రోగ్రాం జోలికి ఇవాళ వెళ్ళొద్దు. ఈవిడకి కావలసింది ఒక కాగితం. వర్డ్‌లో టైపు చెయ్. గాసి, మెట్టగరువు, పీఎఫ్ ఉంది. నిజమే కదా, అబద్ధం రాయమనడం లేదు. ముద్ర నేను వేస్తాను. పట్టుకెళ్తుంది. రేపటి సభ కానీ, ఎల్లుండి మిగతాది సరిచేద్దాం."

"మిగతా స్లైడ్లు సార్?"

"ఎల్లుండి అన్నాను కదా. ఇవాళ ప్రోగ్రాం మార్చామంటే రేపు వాళ్ళ ఎదుట బోర్డు మీద ఏం రాస్తావు? జూలై నుంచి ఇచ్చిన ప్రతి కాగితం తప్పని రాస్తావా? నీ ఉద్యోగం, నా ఉద్యోగం అటుంచు. తర్వాత ఈ కొండల్లోకి కంప్యూటర్ తెస్తానంటే ఎవడు రానిస్తాడు?"

భాను గడియారం వైపు కాదు, కిటికీ వైపు చూసింది. కొండ కొసన వెలుగు తగ్గుతోంది. మెట్టగరువుకి జీపు దారి సగం దాకానే. మిగతాది నడక. వర్డ్ తెరిచింది. గాసి పేరు టైపు చేసింది. ఊరు టైపు చేసింది. పాత కాగితం ఎలా ఉంటుందో అలాగే గీతలు గీసింది.

సోములమ్మ వెనక నిలబడి చూస్తోంది. "ఇదేటి సేత్తన్నావు?"

"కాగితం అప్పా. మలేరియా ఉందని."

"నువ్వు రాత్తన్నావా, మిషను రాత్తందా?"

భాను చేతులు ఆగాయి.

"ఎవరు రాస్తే ఏటమ్మా?" అన్నాడు కృష్ణమూర్తి. "ముద్ర ఉంటుంది. నిజం ఉంటుంది. పట్టుకెళ్ళు బేగి."

"బాబూ, మా బుధు పెద్ద సదువుకున్నాడు. కాఫీ గింజల కాడ కాటా కూడా ఆడే సూత్తాడు. మొదటి కాయితం మిషను రాసిందని ఊరందరికీ సెప్పినాడు. మడిసి రాత్తే సుట్టరికం సూత్తాడు, మిషను సూడదు, దానికేటి తెలుసు సుక్రు ఎవడో గాసి ఎవడో అని సెప్పినాడు. అందుకే ఊరు ఇన్నాది. ఇప్పుడు ఇది పట్టుకెల్తే అడుగుతాడు, ఇది ఎవరు రాసినారే సోములూ అని. నానేటి సెప్పాల?"

"మిషనే అని చెప్పు."

"నాను అబద్ధం ఆడితే మా అయ్య చిల్లంగోడు కాకుండా పోతాడేటి? పట్టుబడితే ఇద్దరినీ కడతారు." ఆమె స్క్రీన్ వైపు వేలు చూపింది. "నేదన్నది ఇదే కదా. ఇదే ఉందనాల. దీని సేతే అనిపించండి."

 భాను వర్డ్ మూసేసింది. దాచుకుంటావా అని కంప్యూటర్ అడిగింది. వద్దంది.

"భానూ, వద్దన్నాను."

"విన్నాను సార్."

"నా మాట అంటే లెక్కలేదా?"

"ఉంది సార్. మీరే కదా నాకు ఈ పని నేర్పింది. కొత్త ఫైలు మీ మెయిల్లో ఉంది. ఇస్తారా, మల్లేశన్నని మళ్ళీ పంపమనమంటారా? మళ్ళీ అడిగితే ఎందుకని అడుగుతాడు. చెప్పాలి."

కృష్ణమూర్తి జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు. ఇవ్వలేదు, బల్ల మీద పెట్టాడు. పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

భాను కొత్త ఫైలు మీద కమాండు నడిపింది. ఒక్క వరుస. ప్రాక్సీ రాశానని కంప్యూటర్ చెప్పింది. భాను పాతదాని చోట దాన్ని పెట్టి, ప్రోగ్రాంని మళ్ళీ కట్టమని కంప్యూటర్‌కి చెప్పింది. కృష్ణమూర్తి చెప్పినట్టే స్క్రీన్ నిండా ఎర్రర్లు వచ్చాయి. పాజిటివ్ అనే గడిని వాడుకున్న ప్రతిచోటా ఒకటి.

ఒక్కొక్కటీ తీసి, పాత గడి చోట రెండు గడులు రాయసాగింది. కరెంటు ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చింది. యూపీఎస్ కూసింది. ముగ్గురూ దాని వైపు చూశారు. నిలబడింది.

"ఎంతసేపమ్మీ?" అంది సోములమ్మ.

"అయిపోతోంది అప్పా."

"వానకి పసులు బేగి ఇంటికొచ్చేత్తాయి. పసులొత్తే మొగోళ్ళూ వచ్చేత్తారు. వచ్చేత్తే కూకుంటారు."

ఎర్రర్లు తగ్గుతూ వచ్చాయి. చివరిది పోయింది. భాను నడిపించబోయింది.

"ఆగు," అన్నాడు కృష్ణమూర్తి. కిటికీలోంచే చూస్తున్నాడు, వెనక్కి తిరగలేదు. "ప్రింటు ఫారం విడిగా ఉంది. దాన్ని నేను ముందే వేరే ఫోల్డర్లో కట్టి పెట్టాను, ఎర్రర్లలో కనిపించదు. అందులో మార్చకపోతే స్క్రీన్ ఉందంటుంది, కాగితం లేదంటుంది."

భాను ఆ ఫోల్డరు తెరిచింది. ఉంది. మార్చింది.

"థాంక్స్ సార్."



మోడెం కూత పెట్టింది. లైను కలిసింది. భాను గాసి స్లైడు నంబరు కొట్టింది. పేరు వచ్చింది, ఊరు వచ్చింది. కింద రెండు వరుసలు వచ్చాయి.

పీఎఫ్: ఉంది. పీవీ: లేదు.

సోములమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది. ప్రింటరు కాగితం లాక్కుని, అక్కడక్కడ ఆగుతూ బయటికి నెట్టింది. భాను దాన్ని తీసి స్క్రీన్‌తో సరిచూసింది. రెండూ ఒకటే చెప్పాయి.

కృష్ణమూర్తి సొరుగు తీశాడు. ముద్ర, ఇంకు పెట్టె బల్ల మీద పెట్టాడు. "మొదటిది నేనే వేశాను. ఇది కూడా నేనే వెయ్యాలి," అన్నాడు. వేశాడు. ముద్ర వాలుగా పడింది. బాగా రాలేదని ఇంకోసారి పక్కన వేశాడు. "జీపు నేను తీస్తాను. సగం దారి దాకా దింపుతాను."

సోములమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రొమ్ముల దగ్గర దోపుకుంది. భానుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "నా అయ్య పేనం నిలబెట్టినావు గుంటా."

"వెళ్ళప్పా, బేగి వెళ్ళు. మళ్ళీ మాట్లాడుకుందాం."

జీపు స్టార్టు చేసే చప్పుడు వినిపించింది. సోములమ్మ గుమ్మం దాటింది.

ప్రోగ్రాం ఒక స్లైడుతో ఆగదు. ఒకటి అడిగితే ఆ రోజు ఆ ఊళ్ళో తీసిన స్లైడ్లన్నీ వరసగా తెస్తుంది. అలా రాసింది భానుయే, మాటిమాటికీ లైను కలపక్కర్లేదని. గాసి కింద పేర్లు దిగుతున్నాయి. ఇద్దరికి లేదు. ఒక ఆడమనిషికి పీవీ ఉంది. ఒక పిల్లకి లేదు.

తర్వాతి పేరు చూసి భాను కుర్చీలోంచి లేచింది. వరండాలోకి పరిగెత్తింది.

"అప్పా! ఆగు!"

సోములమ్మ జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉంది.

"అప్పా, మీ అయ్యకి జ్వరమా?"

"ఏటీ?"

"సుక్రుకి. ఒళ్ళు కాలిందా? ఎప్పట్నించి?"

సోములమ్మ కాలు కిందికి దించింది. ముందు కృష్ణమూర్తిని చూసింది, తర్వాత భానుని చూసింది. వాన ఆమె మొహం మీద పడుతోంది, తుడుచుకోలేదు.

"ఎందుకడుగుతున్నావు?"

"అతనికీ పీఎఫ్ ఉంది అప్పా. మెదడుకెక్కేది. రక్తం తీసిన రోజే ఉంది. మన మిషను లేదంది. ఎలా ఉన్నాడు? మనుషుల్ని గుర్తుపడుతున్నాడా? మాట్లాడుతున్నాడా?"

"మాటాడతన్నాడు." ఆమె గొంతు తగ్గిపోయింది. "మొన్నటాల నుంచి మాటాడుతూనే ఉన్నాడు. తినడు, పడుకోడు. ఎవర్నో పిలుత్తాడు, ఎవర్నో తిడతాడు. ఎప్పుడో సచ్చిపోయినోళ్ళ పేర్లు సెప్తాడు. పాక బయట కాపలా కూకున్నోళ్ళు ఇన్నారు. మంత్రాలు సదువుతున్నాడన్నారు. ఇంకో పేనం తీయడానికి సదువుతున్నాడన్నారు. మూతికి గుడ్డ కట్టినారు."

"ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదు అప్పా? పొద్దున్నించీ ఇక్కడే కూర్చున్నావు. ఒక్క మాట చెప్పలేదు."

జీపు ఇంజను ఆడుతోంది. కృష్ణమూర్తి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. సోములమ్మ ప్లాస్టిక్ సంచిని రొమ్ములకి అదుముకుంది.

"గుడ్డ కట్టినోళ్ళలో నానూ ఉన్నాను," అంది. "మంత్రాలే అనుకున్నానమ్మీ."